గోడ మీది నాన్నగారి సంతకం

హీరోల సంతకాలు నాకక్కర్లేదు. ఈ మాటన్నందుకు మా రాజోల్లో నన్ను పొగరుబోతంటారు. అననివ్వండి. ఎండలో లైన్లో నిలబడి, వాళ్ళనీ వీళ్ళనీ తోసుకుని, తీరా బల్ల దగ్గరికెళ్ళాక ఆ హీరోగారు మన మొహం కూడా చూడకుండా కాగితం మీద ఓ గీత గీసి పక్కకి నెడతాడు. ఆ గీత ఎవరిదైనా కావచ్చు. నాది మందుల షాపు. పొద్దున్న లేచింది మొదలు డాక్టర్ల గీతలే చదువుతాను. సెలవు పెట్టుకుని వెళ్ళి మరీ ఇంకో గీత తెచ్చుకోవడానికి నాకేం ఖర్మ?

నా ఆల్బమ్‌లో ఉండే జనం వేరు. పెళ్ళిపందిట్లో తాళి కట్టే వేళకి "ఆపండి!" అని అరిచే ఆయన ఉన్నాడు. హీరోయిన్‌కి అసలు నిజం చెప్పబోయి ప్రతిసారీ లారీ కింద పడిపోయే స్నేహితురాలు ఉంది. విలన్ పక్కన నిలబడి "అవునన్నా" అనడం తప్ప ఇంకేమీ అనని పెద్దమనిషి ఉన్నాడు. మొహం చూస్తే ఊరంతా గుర్తుపడుతుంది, పేరడిగితే ఒక్కరు చెప్పలేరు. అలాంటివాళ్ళ సంతకాలే నాకు కావాలి.

వాటికీ నా పట్టింపులు నాకున్నాయి. స్టూడియోలో దిగిన అందమైన ఫోటో మీద పెడితే ఒప్పుకోను. ఆ వేషంలో ఉన్న ఫోటో మీదే పెట్టాలి. మొహం మీద సిరా పడకూడదు. తెలుగులో ఉండాలి, చదవడానికి రావాలి. "సౌజన్యకి అభిమానంతో" లాంటివి రాయకూడదు. వాళ్ళెవరో గుర్తుండాలి గానీ నేనెవరో నాకు తెలియదా? "అవునన్నా" గారు మొదటిసారి దొరికినప్పుడు వేషం ఫోటో లేదు, తన షష్టిపూర్తి ఫోటో మీద పెట్టి ఇస్తానన్నాడు. ఒద్దండీ బాబూ అని దండం పెట్టి వచ్చేసి, మరుసటేడు మళ్ళీ వెళ్ళి పెట్టించుకున్నాను. "నువ్వు సంతకం పెట్టించుకుంటున్నావా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా?" అని మా ఆయన వేళాకోళం.

ఈ మరుసటేడు అన్నది అమలాపురంలో జరిగే సినీ అభిమానుల జాతర గురించి. పెద్ద కల్యాణమండపంలో నటీనటులు వరసగా బల్లల వెనక కూర్చుంటారు. మనం టోకెన్ తీసుకుని, నచ్చినవాళ్ళ ముందు నిలబడి, సంతకం పెట్టించుకుని రావాలి. నడిపేది ధనరాజుగారు. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. మనిషి మంచివాడే గానీ అభిరుచి దగ్గర నాకూ ఆయనకీ ఉప్పూ నిప్పూ. ఆయనకి హీరోయే కావాలి, ఆ హీరో చెయ్యి తన భుజం మీద పడాలి, ఆ ఫోటో తెల్లారేసరికి సెంటర్లో ఫ్లెక్సీ అయిపోవాలి. తన పేరు రాయకపోతే అసలది సంతకమే కాదంటాడు. మూడేళ్ళ కిందట నా ఆల్బమ్ తిరగేసి, "ఇదేంటండి సౌజన్యగారూ, పేపర్లో తప్పిపోయినవాళ్ళ ప్రకటనల్లా ఉందీ?" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

అలాంటి నాకు వీరవెంకటరమణగారు కనిపించడం ఎంత అదృష్టమో ఇప్పుడు చెబుతున్నాను గానీ, కనిపించిన రోజు మాత్రం నా పరువు గోదాట్లో కలిసింది.

కొత్తపేటలో ఓ పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా ఎదుటి వరసలో ఓ పెద్దాయన కూర్చుని పనసపొట్టు కూర మారు వేయించుకుంటున్నాడు. తెల్ల లాల్చీ, భుజం మీద కండువా, మెలితిప్పిన మీసం. ఎక్కడో చూశాననుకుంటూ ఉండగానే గుర్తొచ్చేసింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నప్పట్నించీ చూస్తున్న మొహం అది. సినిమా మొదలవగానే గోడ మీద, చందనం దండ వెనక, దీపం పైన ఉండే మొహం. హీరో చిన్నప్పుడే చనిపోయిన నాన్నగారు!

"మీరు పోయారు కదండీ!" అనేశాను.

పంక్తి పంక్తంతా చేతులాపేసి నా వంక చూసింది. ఆయన పక్కనున్నావిడ విస్తరి మీంచి తలెత్తింది. "ఎవరమ్మా పోయింది? శుభమా అని పెళ్ళికొచ్చి ఏం మాటలమ్మా అవి? ఎవరమ్మాయివి నువ్వు?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన మాత్రం కూర నములుతూనే నవ్వాడు. "ఆయ్, పోయేనండి. చాలాసార్లు పోయేను. తమరే సినిమాలో చూసేరు?"

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని అసలు కథ చెప్పాడాయన. వాళ్ళది రాయవరం, వరి వ్యవసాయం. కుర్రతనం దాటుతున్న రోజుల్లో వాళ్ళ ఊరి కాలవగట్టు మీద ఏదో సినిమా షూటింగు జరిగింది. చనిపోయిన తండ్రి ఫోటో కోసం రావలసిన మనిషి రాలేదు. గట్టు మీద నిలబడి చూస్తున్న ఈయన్ని సెట్టింగులు చూసుకునే ఆయన పట్టుకుని, లాల్చీ తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీసుకున్నాడు. షూటింగు అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు. ఫోటో మాత్రం సామాన్ల పెట్టెలో ఉండిపోయి సినిమా నించి సినిమాకి తిరుగుతూనే ఉంది. హీరోలు మారారు, విలన్లు మారారు, గోడ మీద నాన్నగారు మాత్రం మారలేదు.

"కూచున్నది ఒక్కసారేనండి. ఆ తరవాత నేను పొలం పని చేసుకుంటూనే ఉన్నాను, అక్కడ పోతానే ఉన్నాను" అన్నాడాయన.

ఆయన భార్య పేరు భూలక్ష్మి, పంక్తిలో నన్ను కసిరినావిడే. ఆవిడకి ఈ సంగతిలో నవ్వేమీ కనిపించలేదు. "నవ్వులాట కాదమ్మా. ఈయన మేనత్తగారు గోదారి లంకలో ఉండేవారు. టీవీలో ఈ ఫోటో, దండ, దీపం చూసి, వీరవెంకడు పోయాడర్రా అని లేచి తలమీద నీళ్ళోసుకున్నారు. తెల్లారేసరికి ఆటో నిండా జనం, మా వీధిలో దిగి శోకాలు! నేను ముగ్గేసుకుంటన్నాను. నన్ను పట్టుకుని ఏడుత్తారేంటమ్మా! ఆ రోజే ఇంట్లో ఈయన ఫోటోలన్నీ తీయించేసేను. మా అమ్మాయి పెళ్ళిలో కూడా తియ్యనివ్వలేదు. గోడకెక్కితే చాలు, ఎవడో దండేసేత్తాడని భయం."

గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. "ఎంతమంది ఆడోళ్ళమ్మా, ఈయన ఫోటో ముందు తెల్లచీర కట్టుకుని ఏడ్చింది! నేనిక్కడ బొట్టెట్టుకుని బతికుండగా వాళ్ళకేం పనమ్మా?"

ఇంత విన్నా నా బుద్ధి ఊరుకోదు కదా. ఆయన వంక తిరిగి, "బాబాయిగారూ, మీ సంతకం కావాలండి నాకు. అమలాపురం జాతరకి రండి, బల్ల వేయిస్తాను" అన్నాను.

"నేను యాక్టర్ని కాదమ్మా" అన్నాడు వెంటనే. కండువా సర్దుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి, "నన్నెవరూ ఇంతవరకు అడగలేదమ్మా" అన్నాడు. అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా భార్య మొహంలోకి చూశాడు. ఆయనకి ఎంత ఆశగా ఉందో నాకు తెలిసిపోయింది. ఆవిడకీ తెలిసింది, అందుకే కసిరెయ్యలేకపోయింది.

"రెండు మాటలమ్మా" అంది చివరికి. "దండున్న ఫోటో ఒక్కటి కనపడకూడదు. ఒక్క మనిషి 'అయ్యో పాపం' అన్నా సరే, ఈయన్ని బండెక్కించి తీసుకొచ్చేత్తాను. మళ్ళీ ఈ ఊసు మా ఇంట్లో ఎత్తకూడదు. ఈయనా ఎత్తకూడదు."

ఆయన "ఆయ్" అన్నాడు. ఒప్పుకున్నాడో, ముందే ఓడిపోయాడో చెప్పలేను.

ఇంటికొచ్చాక నాకు అసలు చిక్కు తట్టింది. వేషంలో ఉన్న ఫోటో మీదే సంతకం అన్నది నా నియమం. ఆయన వేషమే దండ! దండ లేకుండా ఆయన్ని తెర మీద ఎవరు చూశారు? షాపులో బిళ్ళలు లెక్కపెడుతూ అదే ఆలోచన, రాత్రి పప్పు తాలింపు మాడింది, దానికీ అదే కారణం. "అవునన్నా" గారిని ఏడాది తిప్పినదాన్ని, ఇప్పుడు తేలిగ్గా వదులుకుంటే నా ఆల్బమ్‌కి అర్థమేముంది? ఆవిడకి తెలియకుండా ఒక్కటి, ఒకే ఒక్కటి దండున్న ఫోటో దాచుకుని పెట్టించుకుందామా అనే దొంగబుద్ధి కూడా పుట్టింది. కానీ ముగ్గు చిప్ప చేతిలో పట్టుకుని నిలబడ్డ ఆవిడ మీద పడి జనం ఏడవడం నా కళ్ళ ముందు కనిపించి, సిగ్గేసింది. పట్టింపు నాది, మెడలో తాళి ఆవిడది. ఏది పెద్దదో చెప్పడానికి పంచాయితీ అక్కర్లేదు.

రాయవరం వెళ్ళి ఆయనకి అదే మాదిరి లాల్చీ వేయించి, అదే మాదిరి కుర్చీలో కూర్చోబెట్టి, దండ లేకుండా కొత్త ఫోటో తీయించాను. పంచిపెట్టడానికి చిన్నవి, బల్ల మీద నిలబెట్టడానికి ఫ్రేము కట్టిన పెద్దదొకటి.

తర్వాత ధనరాజుగారి దగ్గరికి వెళ్ళాను. విని, పగలబడి నవ్వాడు. "ఆయన నటుడేంటండి సౌజన్యగారూ? గోడకి కొట్టిన మేకు కూడా నటుడేనంటారా రేప్పొద్దున్న?"

నాకు ఒళ్ళు మండింది. "మీ ఫ్లెక్సీల మీదున్న హీరోలందరూ ఆయన ముందు చేతులు కట్టుకుని ఏడ్చినవాళ్ళే కదండీ. ఒక్కణ్ణయినా చూసి ఆయన కన్నార్పేడా? మీ హీరో అంతసేపు కదలకుండా ఉండమనండి చూద్దాం."

తల గోక్కున్నాడు. "సరేలెండి. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఓ బల్లేయిత్తాను. ఎవరూ రాకపోతే మాత్రం నన్ననకండి."

జాతర రోజు రానే వచ్చింది. పొద్దున్నే వెళ్ళి ఆ కుళాయిల పక్క బల్ల మీద గుడ్డ పరిచి, ఫ్రేము నిలబెట్టి, వాళ్ళని తీసుకురావడానికి బస్‌స్టాండుకి వెళ్ళాను. వాళ్ళ బస్సు జొన్నాడ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైంది. ఆ కాస్తలో జరగాల్సిందంతా జరిగిపోయింది.

మండపం అలంకరిస్తున్న పూలవాళ్ళ దగ్గర బంతిపూల దండ ఒకటి మిగిలింది. ఎదురుగా చూస్తే ఫ్రేము కట్టిన పెద్దాయన ఫోటో. పైగా ఆ మొహాన్ని వాళ్ళు పుట్టినప్పట్నించీ దండతోనే చూస్తున్నారు. చెయ్యి ఊరుకుంటుందా? దండ వేసేశారు. ఎవరో పుణ్యాత్ముడు అరటిపండుకి అగరొత్తులు కూడా గుచ్చి ముందు పెట్టాడు. మేం లోపలికి వచ్చేసరికి నలుగురు చెప్పులు విడిచి, బల్ల ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

"ఎప్పుడు పోయేరంటండి?"

"నిన్నో మొన్నో అయ్యుంటదండి. అయ్యో పాపం, ఎంత పెద్దమనిషండి."

నా ప్రాణం పోయింది. భూలక్ష్మిగారు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

ఆయన తన ఫోటో వంక, అగరొత్తుల పొగ వంక కాసేపు చూశాడు. కొత్త లాల్చీకి పొద్దున్నే గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకున్నాడట, దారంతా నలగకుండా బస్సులో నిలబడే వచ్చాడట. ఆ మనిషి మొహం చిన్నదైపోయింది. "పదవే, వెళ్ళిపోదాం" అన్నాడు నెమ్మదిగా. "నాకు ముందే తెలుసు. మనకివన్నీ ఎందుకు?"

నేను ఏదో చెప్పబోయాను. నా కంటే ముందు ఆవిడ కదిలింది. "ఎక్కడికండీ వెళ్ళేది?" అంది. కొంగు నడుముకి దోపింది, జనంలోంచి బల్ల దగ్గరికి నడిచింది, దండ లాగి అవతల పారేసింది. అరటిపండూ అగరొత్తులూ కలిపి తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది. అవి చుయ్యిమని ఆరిపోయాయి. అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఎవరండీ పోయింది? ఇటు చూడండి. ఇదుగో నా మొగుడు! పొద్దున్న నాలుగు పెసరట్లు తిని వచ్చేరు! నేనే పోసిపెట్టేను!"

మండపం మొత్తం ఇటు తిరిగింది. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో ఒకావిడ నోటి మీద చెయ్యేసుకుని, "ఓరి నాయనోయ్, నాన్నగారు! బతికే ఉన్నారర్రా!" అని కేకేసింది. అంతే. ఆ కేక మండపం ఈ చివర్నించి ఆ చివరికి పాకిపోయింది. నాన్నగారు బతికున్నారు, నాన్నగారొచ్చారు అంటూ జనం కుర్చీలు దాటుకుని వచ్చేశారు. భూలక్ష్మిగారు ఆయన రెక్క పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. "పెట్టండి సంతకాలు" అంది.

మొదటిది నాదే. "బాబాయిగారూ, మొహం మీద కాకుండా, ఇదుగో ఈ కండువా మీద పెట్టండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కలం పట్టుకుని, సొసైటీలో లోను కాగితాల మీద పెట్టినట్టు ఇంటిపేరుతో సహా పూర్తిగా, ఒక్క కొమ్ము కూడా వదలకుండా రాశాడు. నేను జన్మలో చూసిన అతి చక్కని సంతకం అది. దండ లేదన్న బాధ నాకు ఇసుమంత కూడా మిగల్లేదు.

ఇక చూడాలి ఆ లైను! కుళాయిల దగ్గర మొదలై, హీరోల బల్లలు దాటి, చెప్పుల స్టాండు దాకా వెళ్ళింది. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పుకోవడమే. "మీరు పోయినప్పుడు మా అమ్మ అన్నం తిన్లేదండి." "మీవోడు పగ తీర్చేసేడండి, చూసేరా?" ఆయన ఒక్కొక్కళ్ళకీ, "ఆయ్, చూసేనండి. అమ్మగార్ని అడిగేనని చెప్పండి" అని మర్యాదగా జవాబు చెబుతూ, అడిగినవాళ్ళకి అడిగినట్టు పేరు రాసి మరీ సంతకం పెడుతున్నాడు.

అటు హీరోల బల్లలు పల్చబడేసరికి ధనరాజుగారు మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సంతకమైనా కాకపోయినా మనవాళ్ళకి డైలాగు కావాలి కదా. "డైలాగ్! డైలాగ్!" అని ఒకటే గోల. మైకు ఆయన చేతిలో పెట్టారు. ఇన్ని సినిమాల్లో ఆయనకి ఒక్క మాట ఎవరిచ్చారు గనక?

ఆయన లేచి నిలబడ్డాడు. మైకు వంక చూశాడు, జనం వంక చూశాడు. కండువా సర్దుకున్నాడు. గోల దానంతటదే తగ్గిపోయింది.

"బాబూ" అన్నాడు. ఆ గొంతు మేమెవరం వినలేదు. మీసానికి తగ్గ గొంతు కాదు, మెత్తగా ఉంది. "నా ఫోటో ముందు నిలబడి మీరంతా ఒట్లేసేరు. నాన్నా, నీ పగ తీరుత్తానని కత్తులు పట్టుకుని వెళ్ళేరు. నన్ను మాత్రం ఒక్కరు అడగలేదు. అడిగితే చెబ్దును. పగా వద్దు, ఏమీ వద్దు బాబూ. పొద్దెక్కింది. ఇంటికెళ్ళి అన్నం తినండి. మీ అమ్మ గుమ్మంలో నిలబడి చూత్తా ఉంటది."

మైకు కింద పెట్టి కూర్చున్నాడు.

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి చూడండి, ఏ హీరోకీ ఆ మండపంలో అలా కొట్టలేదు, ఇకముందు కొడతారనీ నేననుకోను. ఈలలు వేసేవాళ్ళు వేస్తున్నారు, కళ్ళొత్తుకునేవాళ్ళు ఒత్తుకుంటున్నారు. నేను రెండూ చేశాను. ధనరాజుగారు ముక్కు చీదుకుని, ఫోను తీసి, ఆయన చెయ్యి తన భుజం మీద వేయించుకోవడానికి బల్ల వెనక్కి రాబోయాడు. "లైన్లో రండి ధనరాజుగారూ, టోకెన్ తీసుకుని" అన్నాను. ఆ మాట అనడానికి మూడేళ్ళు ఆగాను నేను. పాపం, నోరెత్తకుండా వెళ్ళి చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డాడు.

లైను తరిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. వేళ్ళు నొప్పెట్టి ఆయన తల కూడా ఎత్తడం మానేశాడు. కాగితం రాగానే, "పేరు చెప్పండమ్మా" అనడం, రాయడం.

"భూలక్ష్మి" అంది ఎదుటి మనిషి.

కలం ఆగింది. ఆయన తలెత్తాడు. ఆవిడ టోకెన్ తీసుకుని, అందరితోపాటు వరసలో నిలబడి వచ్చింది. చేతిలో చిన్న ఫోటో కాదు, ఆ ఫ్రేము కట్టిన పెద్దదే పట్టుకుంది. వెనక నించి అద్దం తీయించి మరీ తెచ్చింది.

"ఉత్త భూలక్ష్మి కాదండి" అంది. "శ్రీమతి భూలక్ష్మి అని రాయండి. ఆ శ్రీమతి పెద్దక్షరాలతో రాయండి, అందరికీ కనపడాలి."

సంతకం మీద పేర్లు రాయించుకోవడం నాకు సుతరామూ గిట్టదు. కానీ ఆయన కలం ఆనించగానే ఆ ఫోటో కదలకుండా రెండు చేతులా నొక్కి పట్టుకున్నది నేనే. ఆయన రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఆవిడ సిరా ఆరేలా ఊది, కొంగుతో అంచులు తుడిచి, అద్దం మళ్ళీ బిగించుకుంది.

"ముందుగదిలో, వీధి తలుపు తియ్యగానే ఎదురుగా కనపడేలా పెడతాను" అంది. "దండ పట్టుకుని ఎవడొత్తాడో రానీండి."